మారెక్క దించిన మరవ

మారెక్క జాలిగుట్టపల్లికి కోడలిగా వచ్చేనాటికి అక్కడ కుంట లేదు. ఊరికి పడమట రెండు గుట్టలు, వాటి నడుమ సన్నటి వంక, వంకకు అటూ ఇటూ అత్తవారి మెట్టపొలం. వాన పడిన రోజు వంక ఎర్రగా పారేది. మర్నాటికి ఇసుకలో తడి మాత్రం మిగిలేది. ఆమె పుట్టిల్లు చిలమత్తూరు దగ్గర, చెరువు కింద పల్లె. వరికోతలు చూస్తూ పెరిగిన పిల్ల. అత్తగారింట్లో పొద్దున సంకటి, మాపున సంకటి. పెళ్ళైన కొత్తలో ఒకరోజు వంక పక్కన కలుపు తీస్తూ మొగుడు శ్రీరంగప్పతో అంది.

"మీ ఊర్లో నీళ్ళు చుట్టం చూపుకు వస్తాయప్పా. వచ్చిన పొద్దే ఎల్లబారతాయి."

ఆమె నవ్వుతూనే అంది గానీ శ్రీరంగప్ప నవ్వలేదు. అతను మాట తక్కువ మనిషి. ఏదైనా మనసులో పడితే దాన్ని పట్టుకుని రోజుల తరబడి తిరిగేవాడు. ఆ ఎండాకాలం మడకశిర సంతకు పోయి రెండు కొత్త పారలు, డజను ఈతగంపలు తెచ్చి ఇంటి ముందు దించాడు.

"కట్ట ఏద్దాం" అన్నాడు.

అది సర్కారు చెరువు కాదు, ఊరి చెరువూ కాదు. తన పొలంలో తాను వేసుకునే కట్ట. అడ్డు చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు, సాయం రావలసిన బాధ్యతా లేదు. మొదటి ఏడు ఆలుమగలిద్దరే మట్టి మోశారు. అతను తవ్వి గంప నింపేవాడు, ఆమె నెత్తిన పెట్టుకుని పోయి పోసేది. పొద్దు గుట్ట మీదికి ఎక్కేసరికి నెత్తి మీది సుట్టకుదురు చెమటకు నాని కిందికి జారేది. రెండో ఏడు బంధువులు కొందరు బదులుపనికి వచ్చారు. కట్ట నడుమ బంకమట్టి కూరాలని, ఒక వరస పోసి నీళ్ళు చల్లి తొక్కించాకనే ఇంకో వరస పోయాలని శ్రీరంగప్ప పట్టుబట్టేవాడు. తొక్కించడానికి తిప్పేష్ అనే గొర్రెల కాపరి మందను తోలుకొచ్చాడు. ఇటు చివర నుంచి అటు చివరకు, అటు నుంచి ఇటుకు వందల గిట్టలు. మంద దిగిపోయిన తర్వాత కట్ట అలికిన నట్టిల్లులా నున్నగా కనిపించేది. ఆ మట్టి వాసన, గొర్రెల వాసన, వాటి మెడ గంటల చప్పుడు కలిసిన సాయంత్రాలు మారెక్కకు ముసలితనం దాకా జ్ఞాపకం ఉండిపోయాయి. తన బతుకులో అంత కష్టపడిన రోజులు మళ్ళీ లేవనేది. అంత సంతోషంగా నిద్రపోయిన రోజులూ లేవనేది.

కుంట నిండాక ఎక్కువైన నీళ్ళు కట్ట మీద నుంచి పోకుండా, ఒక పక్కన రాళ్ళు పరిచి దారి కడతారు. ఆ దారినే ఆ సీమలో మరవ అంటారు. మట్టికట్టకు మరవే ప్రాణం. అది ఇరుకైనా, ఎత్తైనా నీళ్ళు కట్ట తల మీదుగా పొర్లుతాయి. పొర్లిన కట్ట నిలవదు. అందుకని మరవ పని చేతనైనవాడితోనే చేయించాలని శ్రీరంగప్ప బెళుగుప్ప వైపు నుంచి బుడేన్ సాబ్‌ను పిలుచుకొచ్చాడు. బుడేన్ సాబ్ రాతిపని మనిషి. అప్పటికి పెళ్ళై ఏడాది కూడా కాలేదు. భార్య రంజాన్ బీని వెంటబెట్టుకుని వచ్చాడు. రాయిని నాలుగు పక్కలా తిప్పి చూసి, దానికి ఎక్కడ కూర్చోవాలని ఉందో కనుక్కుంటున్నట్టు కాసేపు ఊరుకుని, అప్పుడు దించేవాడు. సున్నం లేకుండా పేర్చిన ఆ రాళ్ళ సందున వేలు పట్టేది కాదు.

పని అయ్యాక వాళ్ళు మూటాముల్లె సర్దుకుంటుంటే శ్రీరంగప్ప అడ్డుపడ్డాడు.

"యాడికి పోతావు సాబూ? కట్ట కింద మా మడి గట్ల పక్కన బీడు ఉండాది. ఈడనే ఇల్లు ఏసుకో. బావి తవ్వుకుంటే నిలువు లోతులోనే ఊట. నీళ్ళకైతే కరువుండదు."

అలా కట్ట దిగువన మొదటి ఇల్లు లేచింది. తర్వాత తిప్పేష్ వాళ్ళది, ఆ వెనక ఇంకా కొన్ని. ఆ వరసను ఊరివాళ్ళు కుంటకింద ఇండ్లు అనేవాళ్ళు.

కుంట మొదటిసారి నిండిన ఏడు మారెక్క కడుపుతో ఉంది. వాన వెలిసిన పొద్దున మరవ మీద తెల్లటి పొర ఒకటి జారడం చూసి, పసుపు కుంకుమ వేసి, గంగమ్మకు ఒక టెంకాయ కొట్టి, అక్కడే రాతి మీద కూర్చుండిపోయింది. ఎవరు పిలిచినా లేవలేదు. ఆ ఏడు దిగువ మళ్ళలో వరి పండింది. కొత్తబియ్యం ఉడికే వాసనకు రంజాన్ బీ గోడ అవతల నుంచే, "ఏం బియ్యం అక్కా, ఊరంతా లేచి వస్తాది" అని కేకేసింది. ఆ రోజు రెండిళ్ళవాళ్ళూ ఒకే కుండ అన్నం తిన్నారు. కొడుకు పుట్టాక కేశవ అని పేరు పెట్టారు. వాడికి ఈత నేర్పింది ఆ కుంటే. బుడేన్ సాబ్ కూతురు తబస్సుమ్ మొదటి చేపను పట్టింది కూడా ఓణీ చెంగుతో ఆ కుంటలోనే.

ఆ కాలం చాలా ఏళ్ళు నిలిచింది. ఎప్పుడు సన్నగిల్లిందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. తొంభైల నడుమకు వచ్చేసరికి వానలు తప్పడం మొదలైంది. గుట్టల అవతల బోర్లు పడ్డాయి. కుంట సగానికి నిండితే గొప్ప. వచ్చిన కాసిని నీళ్ళు కూడా మాఘం దాటకముందే అడుగంటేవి. అప్పుడు శ్రీరంగప్పకు ఒక ఆలోచన వచ్చింది. మరవను మోకాలెత్తు లేపితే, పెద్దవాన వచ్చిన ఏడు ఆ పైనీళ్ళు కూడా నిలుస్తాయి. ఇంకో మడి తడుస్తుంది.

బుడేన్ సాబ్ మరవ మీద నుంచి కట్ట తలదాకా జానలు వేసి చూశాడు. "కట్ట ఎత్తు పెంచకుండా మరవ పెంచితే ఎట్లన్నా? నీళ్ళకు, కట్ట తలకు నడుమ ఎడం యాడుంటాది?"

"అంత వాన యాడ వస్తాదిలే సాబూ. వస్తే చూసుకుందాం. కట్ట కూడా లేపుదాం, ఒక్కో పని."

మారెక్క అప్పుడు అక్కడే ఉంది. ఆమెకూ ఆ ఇంకో మడి కావాలనిపించింది. కాదనలేదు. బుడేన్ సాబ్ రాళ్ళు పేర్చి, ఈసారి సిమెంటుతో బిగించాడు. మరవ లేచింది. కట్ట లేపే పని మాత్రం రేపు మాపు అంటూ వెనకబడింది.

తొంభై ఎనిమిదిలో వాన వచ్చింది. కుంట కొత్త మరవ అంచు దాకా నిండింది. ఊరంతా వచ్చి చూసి పోయింది. శ్రీరంగప్ప మాత్రం కట్ట మీద అటూ ఇటూ తిరుగుతూ అన్నం కూడా సరిగ్గా తినలేదు. తూముకు ఎడంపక్క, కట్ట వెనక మొదట్లో ఒకచోట నేల చెమ్మగిల్లింది. మారెక్కను పిలిచి చూపించాడు. అరచేత్తో ఆ నీళ్ళు కొంచెం తీసి ఎండకు పట్టాడు.

"తేటగా ఉండాయి చూడు. తేటగా ఉన్నంతసేపు బయం లేదు. మట్టి కట్టకు చెమ్మ ఉంటాది. మడ్డిగా వస్తే మాత్రం లోపల మట్టి కొట్టకొస్తాందని లెక్క. వచ్చే ఎండాకాలం మరవ మల్లా దించేద్దామే."

వచ్చే ఎండాకాలానికి కుంట ఎండిపోయింది. ఎండిన కుంటకు మరవ ఎంత ఎత్తుంటే ఏమిటి? ఆ ఎండాకాలం పోయి ఇంకోటి వచ్చింది. శ్రీరంగప్పకు రొమ్ములో నొప్పి వచ్చి, హిందూపురం పోయే బస్సులోనే మారెక్క ఒళ్ళో తల పెట్టి కన్నుమూశాడు.

తర్వాతి ఏళ్ళు అందరికీ తెలిసిన ఏళ్ళే. వేరుశనగ విత్తి, ఊడలు దిగే వేళకు ఆకాశం చూసి, చివరికి పశువులకు మేపిన ఏళ్ళు. ఊళ్ళోని పడుచువాళ్ళు బెంగళూరుకు పోయి కట్టడాల్లో ఇటుకలు మోశారు. కేశవ కూడా రెండేళ్ళు పోయి వచ్చి ట్రాక్టరు తోలే పనిలో కుదిరాడు. కుంట నడుమ పిల్లలు క్రికెట్ ఆడేవాళ్ళు. నీళ్ళు లేని కట్టను ఎవరు పట్టించుకుంటారు? ముళ్ళకంప లేచింది. ఎలుకలు బొరియలు చేశాయి. ఇంటి గోడకని ఒకరు, కల్లానికని ఒకరు దాని మట్టే తవ్వుకుపోయారు.

మారెక్క ఒక్కతే ప్రతి ఏడూ ఉగాది దాటగానే మచ్చుకత్తి, గంప తీసుకుని కట్టకు పోయేది. కంపను వేళ్ళతో సహా పెరికేది. బొరియల్లో తడిపిన బంకమట్టి కూరి కర్రతో దిమ్మెస చేసేది. దారిన పోయేవాళ్ళు నిలబడి, "ఏమక్కా, నీళ్ళు లేని కుంటకు కట్ట యాల? నీళ్ళొచ్చినాక చూసుకోరాదా" అనేవాళ్ళు.

"నీళ్ళొచ్చినాక చూసేకి టైముంటాదా అప్పా" అనేది.

నిజానికి ఆమె అంత ముందుచూపుతోనే పోయేదని చెప్పలేం. ఇంట్లో కూర్చుంటే తోచేది కాదు. కట్ట మీద మొగుడు నడిచిన దారి ఉంది. ఆ మట్టిలో తన పడుచుతనమంతా ఉంది. పని ముగిశాక మరవ రాళ్ళ మీద చల్లబడేదాకా కూర్చుని వచ్చేది. ఒక్కోసారి రంజాన్ బీ వక్కాకు మూట తీసుకుని పైకి ఎక్కి వచ్చేది. ఇద్దరూ ఎండిన కుంటను చూస్తూ, ఫలానా ఏడు ఇక్కడిదాకా ఉండె నీళ్ళు, ఫలానా ఏడు తబస్సుమ్ ఈ మూల కాలు జారె అని చెప్పుకునేవాళ్ళు. ఎన్నిసార్లు చెప్పుకున్నా వాళ్ళకు విసుగు రాలేదు. మరవ దించే మాట మాత్రం, అంత సిమెంటు పగలగొట్టడం ఆడదాని చేతిలో పని కాదు గనుక, ఆమె కొడుకుతో అప్పుడప్పుడు అనడం, అతను ఊ అనడం వరకే జరిగింది.

రెండువేల ఐదులో, దసరా దాటాక, వాన పట్టుకుంది.

మొదట్లో అందరూ పండగే అనుకున్నారు. ముసురు విడవలేదు. పైనున్న గుట్టలు రెండూ తెల్లటి చారలతో నీళ్ళు విడిచాయి. వంక రంకెలేస్తూ కుంటలోకి దూకింది. కేశవ నవ్వును అరువు తెచ్చుకున్నట్టు నవ్వుకుంటూ తిరిగాడు. ఆశ అంటే అతనికి అలవాటు తప్పి ఉంది మరి. ఏడేళ్ళ తర్వాత కుంట కింద నారు పోశాడు. నారు జానెడు లేచి, గాలికి పచ్చగా ఊగుతుంటే అతని భార్య ఈశ్వరి పనిలేకపోయినా మూడుసార్లు పోయి చూసొచ్చేది.

ఆ పొద్దున వాన కాస్త ఆగింది. మారెక్క గోనెసంచి కప్పుకుని కట్టకు పోయింది. మరవ మీద నీళ్ళు పోతున్నాయి గానీ వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ. కట్ట తలకూ నీళ్ళకూ మధ్య మూరెడు కూడా లేదు. అలలు వచ్చి కట్ట అంచును నాకుతున్నాయి. ఆమె వెనకవైపు దిగింది. తూము పక్కన, మొగుడు చూపించిన చోటే, నేల చెమ్మగా లేదు. పారుతోంది. వేలు లావు ధార ఒకటి గడ్డి కింద నుంచి వస్తోంది. వంగి అరచేత పట్టింది. టీ నీళ్ళలా ఎర్రగా ఉంది. వేళ్ళ నడుమ సన్నటి ఇసుక మిగిలింది.

తలెత్తితే ఎదురుగా కుంటకింద ఇండ్లు. బుడేన్ సాబ్ ఇంటి పొయ్యి పొగ. ఆ ఇంట్లో తబస్సుమ్ పురిటికి వచ్చి ఉంది. బిడ్డకు ఇంకా పేరు కూడా పెట్టలేదు.

ఇంటికి వచ్చి కేశవతో ఒకే మాట చెప్పింది. "మరవ పగలగొట్టల్ల. ఇప్పుడే."

కేశవ తల్లి మొహం చూశాడు. "ఏమంటాండావు మా? ఏడేండ్లకు నిండింది. వాన కూడా ఇడిసింది. నారు చూసినావా నువ్వు?"

"చూసినా."

"చెమ్మ నాయనున్నప్పుడు కూడా ఉండె గదా. కట్ట నిలిచిందా లేదా?"

"అప్పుడు తేట నీళ్ళు. ఇప్పుడు మడ్డి వస్తాండాది."

"మరవ తెంపితే ఆ నీళ్ళు మల్లా యాడ తెస్తావు? ఎవరిస్తారు మనకు?"

ఆ నీటి విలువ కొడుక్కు ఆమె నేర్పవలసింది లేదు, ఆమెకు కొడుకూ నేర్పవలసింది లేదు. గడ్డపార భుజాన వేసుకుని దిగువకు నడిచింది.

బుడేన్ సాబ్ అప్పటికి ముసలివాడయ్యాడు. రాతిదుమ్ము పట్టి ఎప్పుడూ దగ్గు. ఆమె చెప్పింది విని ఆమెతో కట్టదాకా వచ్చి, ఆ ధారను చూశాడు. వెనక్కి తిరిగి, ఇంటింటికీ పోయి తలుపు కొట్టాడు. తిప్పేష్ గొర్రెలను గుట్టకు తోలాడు. రంజాన్ బీ మాత్రం గడపలో కూర్చుండిపోయింది.

"పచ్చి బాలింతను వానలో యాడికి తీసకపోదునక్కా? బిడ్డకు గాలి తగిలితే?"

"మా ఇంటికి. నా మంచం మీద పండుకుంటాది. లే రంజాన్, నీకు దండం పెడతా."

ఇన్నేళ్ళలో మారెక్క ఆమెతో అలా మాట్లాడింది లేదు. రంజాన్ బీ లేచింది. తబస్సుమ్ బిడ్డను కంబళిలో చుట్టుకుంది. ఈశ్వరి ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని గట్టు దాటించింది.

మరవ దగ్గర బుడేన్ సాబ్ మొదటి దెబ్బ వేశాడు. తన చేత్తో బిగించిన రాయి. ఎక్కడ కొడితే వదులుతుందో అతనికి తెలుసు, కానీ కొట్టే బలం చేతుల్లో లేదు. గడ్డపార జారిపోతోంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో మారెక్క అతని పక్కన నిలబడి రాళ్ళు పెకలిస్తోంది. ఇద్దరు ముసలివాళ్ళ పనికి ఒక రాయి కదిలింది. మళ్ళీ సన్నగా జల్లు మొదలైంది.

కేశవ వచ్చింది అప్పుడే. వస్తూ కట్ట వెనక దిగి చూసి వచ్చాడని అతని చేతులే చెప్పాయి. మోచేతుల దాకా ఎర్రమట్టి. తల్లి వంక చూడలేదు. బుడేన్ సాబ్ చేతిలో గడ్డపార తీసుకుని, "నువ్వు గట్టున నిలబడి చెప్పు సాబన్నా, యాడ కొట్టల్లనో" అన్నాడు.

ముసలాయన వేలుతో చూపించాడు. కేశవ కొట్టాడు. వెనక తిప్పేష్ వచ్చాడు, ఇంకొందరు వచ్చారు. ఒక్కో రాయి ఊడుతుంటే నీళ్ళు దాన్ని ఈడ్చుకుపోయేవి. మధ్యాహ్నానికి సిమెంటు వరస మొత్తం పోయింది, కింద పాత రాళ్ళూ లేచిపోయాయి. కుంట నీళ్ళు ఆ దారిని పట్టుకుని పక్క వంకలోకి దుమికాయి. వంక ఇండ్లకు దూరంగా వంపు తిరిగి, కేశవ నారుమడి గట్టును ఒరుసుకుని పోతుంది. ఆ వరద ఆ గట్టును తెంచింది. అతను గట్టున నిలబడి చూస్తూనే ఉన్నాడు. పచ్చటి నారు ఒకసారి వంగింది, లేవలేదు. ఆ పైన ఇసుక పరుచుకుంది.

సాయంత్రానికి కుంట సగానికి దిగింది. తూము పక్క ధార సన్నబడి, చుక్కలుగా మారింది. వెనక కట్ట ఒకచోట బండి పట్టేంత మట్టి జారి కూలింది గానీ గండి పడలేదు. ఆ రాత్రి వాన కూడా పూర్తిగా విడిచింది.

ఊళ్ళో రెండు రకాలుగా మాట్లాడుకున్నారు. ముసలామె భయపడి బంగారం లాంటి నీళ్ళు వంకపాలు చేసిందన్నవాళ్ళు ఉన్నారు. జారిన మట్టి చూసి ఆ మాట వెనక్కి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. కేశవ చాలా రోజులు తల్లితో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఆమె కూడా కదిలించలేదు. తబస్సుమ్ నెల నిండేదాకా ఆ ఇంట్లోనే ఉంది. పసిబిడ్డ ఏడుపు, ఉయ్యాల చప్పుడు ఉన్న ఇంట్లో మనుషులు ఎంతకాలమని మూతి ముడుచుకుని ఉండగలరు? ఒకనాడు కేశవే ఉయ్యాల ఊపుతూ కనిపించాడు. మిగిలిన సగం నీళ్ళతో రాగి నాటారు. బాగానే పండింది.

ఏడాది తర్వాతనుకుంటా, పంట కల్లంలో కూర్చుని కేశవ ఉన్నట్టుండి అన్నాడు.

"ఆ పొద్దు మరవ తెంపకపోయినా కట్ట నిలిచుండునేమో మా."

మారెక్క చేట ఆపి ఆలోచించింది. "ఉండునేమో" అంది. "ఎవరికి తెల్సు?"

"తెలుసుకునేకి నిలబడి చూడల్ల గదా" అన్నాడతను, తనలో తాను. ఆ తర్వాత ఆ సంగతి వాళ్ళ మధ్య రాలేదు.

జారిన కట్టను మరుసటి ఎండాకాలం కుంటకింద ఇండ్లవాళ్ళే వచ్చి కట్టారు. ఎవరూ పిలవలేదు. మంద తొక్కించే రోజులు పోయాయి గనుక కేశవ ట్రాక్టరును కట్ట మీద అటూ ఇటూ తోలాడు. మరవను మొదటి ఎత్తులోనే, ఇంకాస్త వెడల్పుగా కట్టారు. బుడేన్ సాబ్ గట్టున గొడుగు కింద కూర్చుని ఏ రాయి ఎక్కడో చెప్పాడు. అదే అతని చివరి పని. చలికాలం దాటకుండా పోయాడు. ఆయనను మట్టి చేసిన రోజు మారెక్క ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నీళ్ళు తక్కువ నిలుస్తాయన్న దిగులు కేశవకు పోలేదు. ఒక వేసవిలో కుంట ఎండగానే, "పైకి పెంచేకి లేదు, కిందికి తవ్వుదాం" అన్నాడు. ఇన్నేళ్ళుగా పేరుకున్న ఒండ్రు నడుములోతు ఉంది. ట్రాక్టర్లు పెట్టి తీయించాడు. కావలసినవాళ్ళు ఎవరి పొలానికి వాళ్ళు తోలుకుపోయారు. కట్ట మొదలు జోలికి పోకుండా, నడుమనే తవ్వమని మారెక్క కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది.

రెండువేల ఎనిమిదిలో కుంట మళ్ళీ నిండింది. అప్పటికి ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. కేశవ ట్రాక్టరు మీద ఎక్కించుకుని కట్టదాకా తెచ్చి, చెయ్యి పట్టి దించాడు. రంజాన్ బీ మనవడిని చంకనెత్తుకుని ముందే వచ్చి కూర్చుంది. మరవ మీద నీళ్ళు తొందర లేకుండా పోతున్నాయి. కట్ట తల వాటికి చాలా ఎత్తున, పొడిగా ఉంది.

"ఈసారి ఎన్నాళ్ళుంటాయక్కా?" అంది రంజాన్ బీ.

"శివరాత్రి దాకా ఉండొచ్చు" అంది మారెక్క. "ఈ పక్కకు జరుగు. ఆడ రాయి తడిగా ఉండాది."